కోర్టు అమీనా గల్లాలో డబ్బు పట్టుకెళ్లాడు, అందులో నాది కూడా ఉంది. తిరిగి వస్తుందా?

మీరు రాసింది ఇదీ: ప్రోనోటు బాకీకి మీ అన్నయ్య మీద డిక్రీ (బాకీ కట్టాలని కోర్టు తీర్పు) అయింది, సోమవారం అమీనా, అంటే జప్తులు చేసే కోర్టు ఉద్యోగి, కొట్టుకు వచ్చి గల్లాలో ఉన్న 70 వేలు జప్తు చేశాడు. అందులో 40 వేలు మీరు పాడుకున్న చిట్టీ డబ్బు, కొంత మీ నాన్నగారి పెన్షన్. "వచ్చే వాయిదాకి చూద్దాంలే" అని అన్నయ్య అంటున్నారు.

వాయిదా దాకా ఆగకండి. ఈ వారంలోనే వకీలు దగ్గరికి వెళ్లండి, అదీ మీరే వెళ్లండి. "ఆ డబ్బు నాది" అని చెప్పుకోవాల్సింది డబ్బు గలవాళ్లే. మీ అన్నయ్య చెబితే బాకీ ఎగ్గొట్టడానికి చెబుతున్నాడనే అనుకుంటారు.

2018లో నాకూ ఇదే జరిగింది, కాకపోతే నేను మీ అన్నయ్య స్థానంలో ఉన్నాను. తెనాలిలో చిన్న రంగుల కొట్టు నాది. దగ్గరి బంధువు ప్రోనోటుకు హామీ సంతకం పెట్టాను, ఆయన చేతులెత్తేశాడు. డిక్రీ 3,40,000కి. ముందు నోటీసేమైనా వస్తుందేమో అనుకుంటూ కూర్చున్నాను. డిక్రీ అయి రెండేళ్లు దాటితే తప్ప ఆ నోటీసు తప్పనిసరి కాదని నాకేం తెలుసు? ఒక ఉదయం పదకొండు గంటలకి డిక్రీదారు (డిక్రీ తెచ్చుకున్న అప్పులాయన) మనిషిని వెంటబెట్టుకుని అమీనా వచ్చాడు. పెద్దాయన, మర్యాదస్తుడు. ఖాళీ రంగు డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని నోట్లు లెక్కపెట్టాడు. 61,450. అందులో 38,000 మా బావమరిదివి, కవర్లో పెట్టి విడిగా ఉన్నాయి. ముందురోజే దాచమని ఇచ్చి వెళ్లాడు.

"అవి నావి కావండీ" అంటే ఆయన, "కావచ్చు బాబూ, కానీ మీ గల్లాలో ఉన్నాయి. ఎవరివో తేల్చాల్సింది జడ్జిగారు, నేను కాదు" అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది గానీ ఆయన మాట నిజమే. ఒక్క పని మాత్రం చేయించుకున్నాను. పంచనామాలో "కవరులోని 38,000 ఫలానా వారివని కొట్టు యజమాని చెప్పారు" అని రాయించాను. నా తెలివేం కాదు, పక్క కొట్టాయన చెవిలో చెప్పాడు. తర్వాత మమ్మల్ని నిలబెట్టింది ఆ ఒక్క వాక్యమే.

ఇంట్లో మా ఆవిడ టెన్షన్ వేరే, బీరువా కూడా తెరుస్తారేమోనని. తాళిబొట్టు, వంట సామాను, మంచాలు, కట్టుకునే బట్టలు ముట్టుకోకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 60లోనే ఉంది. పొద్దు గూకాక ఇంట్లోకి రావడానికీ లేదు. గల్లాలో నగదుకు మాత్రం ఆ రక్షణ లేదు, జప్తు చేయదగ్గ వాటిలో డబ్బు, నోట్లు అని పేరు పెట్టి మరీ రాశారు.

దీని మీద మా వకీలుగారు ఒక తమాషా సంగతి చెప్పారు. ఇంగ్లండులో ఈ పని షెరీఫ్‌ది. 1838లో చట్టం మార్చేదాకా అక్కడ షెరీఫ్ అప్పున్నవాడి సామాను, పశువులు పట్టుకోవచ్చు గానీ నగదు ముట్టుకోకూడదట. సరుకు అమ్మి డబ్బు చేయమనేది కదా వారంటు, మరి డబ్బునే పట్టుకుంటే దాన్ని ఎవరికి అమ్ముతాడు? ఆ రోజుల్లో పుట్టి ఉంటే నా గల్లా భద్రంగా ఉండేది.

ఇక్కడ మీకు సంబంధించిన విషయం కూడా ఇదే. మోటారు సైకిలో ఫ్రిజ్జో అయితే వేలం వేయాలి, దానికి టైం పడుతుంది, ఆలోగా మేలుకోవచ్చు. నగదుకు వేలం లేదు. సీపీసీ ఆర్డర్ 21 రూల్ 56 ప్రకారం జప్తు నడుస్తుండగానే ఆ నోట్లను డిక్రీదారుకి ఇచ్చేయమని కోర్టు ఎప్పుడైనా ఆర్డరు వేయొచ్చు. అందుకే అన్నాను ఆగకండి అని. అదే ఆర్డర్ 21లో రూల్ 58 కింద మీ పేరుతో క్లెయిమ్ పిటిషన్ వేయండి. కావాలని ఆలస్యం చేశారనిపిస్తే కోర్టు దాన్ని తీసుకోకపోవచ్చు, అప్పుడు విడిగా దావా వేసుకోవాలి.

మా బావమరిది తొమ్మిదో రోజున వేశాడు. ఎనిమిది నెలలు తిరిగాం. అవతలి వకీలు అడిగిందల్లా ఒకటే, "ఈ డబ్బు నీ చేతికి ఎలా వచ్చింది?" 20,000కి ముందురోజు బ్యాంకులో తీసినట్టు పాస్‌బుక్‌లో ఉంది, తేదీ సరిపోయింది. మిగతా 18,000 చిట్టీ డబ్బు అన్నాడు. కానీ చిట్టీ నడిపేవాళ్లు కాగితం ముక్క ఇవ్వలేదు, సాక్ష్యానికీ రాలేదు. 20,000 వచ్చింది, 18,000 పోయింది. మీదీ చిట్టీ డబ్బే కాబట్టి ఇది చెబుతున్నాను. పాట పుస్తకంలో మీ సంతకం, తేదీ ఉంటే ఇప్పుడే నకలు తీసి పెట్టుకోండి.

నాన్నగారి పెన్షన్ సంగతి కొంచెం వేరు. పెన్షన్‌ను జప్తు చేయకూడదు. రిటైర్మెంటు డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారినా ఆ రక్షణ పోదని సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. కానీ ఆ కేసులో బాకీ ఉన్నదీ, రిటైర్మెంటు డబ్బు ఉన్నదీ ఒకరికే. మీ విషయంలో బాకీ అన్నయ్యది, డబ్బు నాన్నగారిది, కాబట్టి ఆయన కూడా మీలాగే "ఇది నాది" అని క్లెయిమ్ వేసుకోవాలి. గల్లాలో కలిసిపోయిన నోట్లలో పెన్షన్ నోట్లు ఏవో చూపడం కష్టం, నిజం చెప్పాలంటే దాని మీద నేను పెద్దగా ఆశ పెట్టుకోను.

మిగిలిన 41,450 మీద ఇంకో గొడవ జరిగింది. అదే కోర్టులో నా మీద ఇంకొకాయనకి 1,70,000 డిక్రీ ఉంది, ఆయన అంతకుముందే ఈపీ (డిక్రీ అమలు చేయమని కోర్టులో వేసే పిటిషన్) వేసి ఉన్నాడు. పంచమన్నాడు. మొదటాయన ఒప్పుకోలేదు, "అమీనా రాకకు బత్తా ఖర్చు కట్టింది నేను, అమీనాని తెచ్చింది నేను, డబ్బు నాది" అని. సీపీసీ సెక్షన్ 73 ఆ మాట వినదు. కోర్టు చేతికి డబ్బు రాకముందే ఈపీ వేసిన డిక్రీదార్లందరికీ ఖర్చులు పోను దామాషా ప్రకారం పంచాలి. రెండు వంతులు మొదటాయనకి, ఒక వంతు రెండో ఆయనకి పోయాయి. చేబదులు ఇచ్చిన మూడో ఆయన కూడా వచ్చి వరండాలో కేకలు వేశాడు. డిక్రీ లేదు కాబట్టి ఆయనకి పైసా రాలేదు. అమీనా చేతికి వచ్చినంత మాత్రాన డబ్బు అప్పిచ్చినవాడిదైపోదన్నమాట. అమెరికాలో 1801లోనే చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ ఇలాంటి మాటే అన్నారట: షెరీఫ్ వసూలు చేసిన సొమ్ము అప్పిచ్చినవాడి చేతికి అందేదాకా అతని ఆస్తి కాదని.

ఇంకొకటి, ఇది పూర్తిగా నా బుద్ధితక్కువ. జప్తు జరిగిన వారానికి పెద్దమనుషులు కూర్చోబెట్టి లక్ష రూపాయలు డిక్రీదారు చేతిలో పెట్టించారు. "రసీదెందుకు, మేమున్నాంగా" అన్నారు. ఆర్నెల్ల తర్వాత ఆయన అసలు ముట్టలేదన్నాడు. కోర్టు బయట కట్టింది 30 రోజుల్లోపు కోర్టులో రికార్డు చేయించుకోవాలట, లేకపోతే ఈపీ నడిపే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆ లక్ష మళ్లీ కట్టాను. మీ అన్నయ్య రాజీకి వెళ్తే కోర్టులోనే కట్టమనండి, లేదా బ్యాంకు ద్వారా పంపి వెంటనే కోర్టులో మెమో వేయించమనండి.

సోమవారం నాటి పంచనామా మీ అన్నయ్య చదివే సంతకం పెట్టారా? దాని నకలుకి రేపే కాపీ అప్లికేషన్ పెట్టించండి. అందులో మీ 40 వేల గురించి ఒక్క ముక్క ఉన్నా వకీలుకి ముందు అదే చూపించండి. లేకపోతే ఆ సమయానికి కొట్టులో ఎవరెవరు ఉన్నారో, మీరు డబ్బు ఇస్తుంటే ఎవరు చూశారో ఇవాళే రాసి పెట్టుకోండి.