ఓరోచి దగ్గర ఆగిపోయిన అక్కకు, ఇంకొందరికి

ప్రశ్న: డ్రాగన్ క్వెస్ట్ 3 కొత్త రూపం (2024లో వచ్చినది) సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టాను. జిపాంగ్ అనే ఊళ్లో ఓరోచి అనే అనేక తలల పాము దగ్గర ఆరు రోజులుగా ఓడిపోతూనే ఉన్నాను. మా తమ్ముడు "బయట తిరిగి ఇంకో అయిదు లెవెల్స్ పెంచుకో, లేదంటే ఈజీలో పెట్టుకో. కానీ ఈజీలో గెలిస్తే అది గెలుపు కాదు" అంటున్నాడు. అలా చూస్తే లెవెల్స్ పెంచుకుని గెలవడం కూడా మోసమే కదా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ మోసం కాదు. రెండూ ఆ ఆట తయారుచేసినవాళ్లు మీలాంటివారిని మనసులో పెట్టుకుని వేసిన దారులే. ఈ మాట ఇంత ధైర్యంగా చెప్పడానికి కారణం ఉంది. కొంచెం వెనక్కి వెళ్లాలి.

మొదటి డ్రాగన్ క్వెస్ట్ జపాన్‌లో 1986 మే 27న ఫామికామ్ అనే ఇంట్లో ఆడే ఆటల యంత్రం మీద వచ్చింది. దాని రూపకర్త యూజీ హోరీకి విజర్డ్రీ, అల్టిమా అనే అమెరికా కంప్యూటర్ ఆటలంటే ప్రాణం. అయితే ఫామికామ్ పిల్లలకు అప్పటికి బాగా అలవాటైనవి చేతివేగం మీద నడిచే ఆటలు. దూకాలి, తప్పుకోవాలి, కాల్చాలి. వేలు ఒక్క క్షణం తడబడితే ఆట మళ్లీ మొదటికి వచ్చేది. చేతివేగం లేని పిల్లవాడు ఎంత ఇష్టంగా ఆడినా చివరిదాకా చేరేవాడు కాదు. హోరీ ఆ పిల్లవాడి కోసం ఆలోచించాడు. స్లైమ్ అనే చిన్న నీలిరంగు జీవిని చంపితే ఒక అనుభవ పాయింటు. ఏడు పాయింట్లు చేరితే రెండో లెవెల్. హీరో ఓడిపోతే రాజుగారి ముందు లేస్తాడు, చేతిలో ఉన్న బంగారంలో సగం పోతుంది, అనుభవ పాయింట్లలో మాత్రం ఒక్కటి కూడా పోదు.

ఆ చివరి నియమం గురించి నేను ఎన్నిసార్లు ఆలోచించానో. ఓడిపోయిన సాయంత్రం కూడా లెక్కలోకి వస్తుంది. చేతివేగం లేనివాడు ఓపిక పెట్టి అదే చోటికి చేరవచ్చు. లెవెల్ అనేది పుట్టిందే ఆటను ఎక్కువమందికి అందించడానికి. దాన్ని వాడుకున్నవారిని మోసగాళ్లు అనడం సబబు కాదు.

ఇక ఓరోచి సంగతి. లెవెల్స్ పెంచుకోవడానికి బయలుదేరే ముందు ఒక్కసారి ఓడిపోవడానికే వెళ్లండి. చేతిలో కాగితం పెట్టుకుని, మీవాళ్లు దేని వల్ల పడిపోతున్నారో రాసుకోండి. కాటు వల్లా, మంట వల్లా? ఈ రెండింటికీ మందు వేరు. కాటు దెబ్బను రక్షణ తగ్గిస్తుంది. అందుకే జట్టు మొత్తానికి రక్షణ పెంచే కబఫ్ మంత్రాన్ని మొదటి రెండు వంతుల్లోనే వేయాలి. నోటి నుంచి వచ్చే మంటను రక్షణ ఆపదు. మీ కవచం అంకె ఎంత పెద్దదైనా ఆ మంట అంతే కాలుస్తుంది. దానికి మంటను తట్టుకునే కవచాలు, డాళ్లు కావాలి. అంగట్లో ధర చూసి కొనకుండా, వస్తువు వివరణ చదివి కొనండి. శత్రువు రక్షణ తగ్గించే సాప్ మంత్రం కూడా ప్రయత్నించండి. మరొక్క మాట. ఓరోచితో రెండుసార్లు పోరాడాలి. మొదటిసారి గెలిచిన ఉత్సాహంలో వెంటనే వెంటపడకుండా, వేరే ఊరికి వెళ్లి సత్రంలో నిద్రపోయి రండి.

ఇవన్నీ చేశాక కూడా ఓడిపోతుంటే అప్పుడు లెవెల్స్ పెంచుకోండి. అయిదు అని ముందే లెక్క పెట్టుకోవద్దు. మీ మాంత్రికుడికో పూజారికో తర్వాత రాబోయే మంత్రం ఏమిటో చూసుకుని, అది వచ్చేదాకా ఆడండి. అంకె పెరగడం కన్నా కొత్త మంత్రం రావడమే యుద్ధాన్ని మారుస్తుంది.

కొన్ని ఆటల్లో అయితే లెవెల్ అసలు జవాబే కాదు. 2003లో వచ్చిన షిన్ మెగామి టెన్సెయ్ 3 నాక్టర్న్‌లో మాటడోర్ అనే ఎముకల గూడు వీరుడు ఎదురవుతాడు. తన చురుకుదనాన్ని ఒక్కసారిగా పెంచుకుంటాడు. మన దెబ్బలు తగలవు. ఆ ఆటలో దెబ్బ తప్పితే మన వంతులు కూడా పోతాయి. అక్కడ పది లెవెల్స్ పెంచుకున్నా ఒళ్లు అలసిపోవడమే తప్ప విషయం అర్థం కాదు. అతని చురుకుదనాన్ని తగ్గించే శక్తి ఉన్నవారిని, గాలి దెబ్బను తట్టుకునేవారిని జట్టులో చేర్చుకోవాలి. అది తెలిసిన రోజు నుంచి ఆ ఆటంతా వేరేలా కనిపిస్తుంది.

ఈజీ గురించి కూడా చెప్పాలి. మీ ఆటలో దానికి డ్రాకీ క్వెస్ట్ అని పేరు పెట్టారు. అందులో మీవాళ్ల ప్రాణం ఒకటి కన్నా కిందికి దిగదు, అంటే చావరు. దాన్ని ఆట మధ్యలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మీకు కథ కావాలంటే, ఆ ప్రపంచమంతా తిరిగి చూడాలంటే, నిశ్శంకగా పెట్టుకోండి. ఓరోచిని మీ ఉపాయంతోనే గెలవాలన్న పట్టుదల ఉంటే నార్మల్‌లోనే ఉండండి. ఏది కావాలో నిర్ణయించుకోవలసింది మీరు. మీ తమ్ముడికి ఓటు లేదు.


ప్రశ్న: ఫైనల్ ఫాంటసీ 8 ఆడుతున్నాను. మొదట్లోనే బడిలోని శిక్షణ కేంద్రంలో టీ-రెక్సార్ అనే పెద్ద బల్లులను నిద్రపుచ్చి చంపుతూ చాలా లెవెల్స్ పెంచుకున్నాను. తీరా ఇప్పుడు దారిలో కనిపించే మామూలు జంతువులు కూడా చావడం లేదు. ఆట పాడైందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పాడవలేదు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు 2002 వేసవి గుర్తొచ్చింది. గుంటూరులో మా పెద్దనాన్న గారి ఇంట్లో కంప్యూటర్ ఉండేది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక రెండు నుంచి నాలుగున్నర దాకా నాది. నేను గళ్ల నోటుపుస్తకంలో తేదీ, లెవెల్, చంపిన జంతువుల సంఖ్య రాసుకుంటూ అచ్చం మీరు చేసిన పనే చేశాను. ముప్ఫై పేజీలు నిండాక ఒక రోజు పాత లెక్కలు తిరగేస్తుంటే, ఒకే రకం జంతువును చంపడానికి మే మొదటి వారంలో మూడు దెబ్బలు, నెలాఖరులో తొమ్మిది దెబ్బలు పట్టాయని కనబడింది. లోపం ఆటలో ఉందని అప్పుడు అనుకున్నాను. ఆట నియమం అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది.

1999లో వచ్చిన ఈ ఆటలో ఏ లెవెల్‌కైనా కావలసినవి సరిగ్గా 1000 అనుభవ పాయింట్లే. ఒకటి నుంచి రెండుకు ఎంతో, తొంభై నుంచి తొంభై ఒకటికీ అంతే. అంటే పైకి ఎక్కడం చాలా తేలిక. కానీ మీ జట్టు సగటు లెవెల్ పెరిగేకొద్దీ ఎదుటి జంతువుల లెవెల్ కూడా పెరుగుతుంది. వాటి ప్రాణం, బలం మీకన్నా వేగంగా పెరిగితే మీరు వెనకబడినట్టే. ఆటలో అసలు బలం జంక్షన్‌లో ఉంది. మంత్రాలను సేకరించి, ఒక్కోటి 100 దాకా దాచుకుని, వాటిని మీ బలానికీ ప్రాణానికీ కట్టుకోవడమన్నమాట. ఆ కట్టు లెవెల్ మీద ఆధారపడదు.

కాబట్టి ఇవాళ్టి నుంచి బల్లుల జోలికి వెళ్లకండి. సైరెన్ అనే రక్షకశక్తికి వైద్య మంత్రాలు తయారుచేసే విద్య నేర్పండి. అంగట్లో దొరికే ఒక్క గుడారం నుంచి పది కురాగా మంత్రాలు వస్తాయి. పది గుడారాలు కొంటే ఒక మనిషికి వంద. వాటిని ప్రాణానికి కట్టి చూడండి. కార్డుల ఆట కూడా ఆడండి, గెలిచిన కార్డులను వస్తువులుగా, వస్తువులను మంత్రాలుగా మార్చుకోవచ్చు. క్వెజకోటల్ అనే మరో రక్షకశక్తి నేర్చుకునే కార్డ్ విద్యతో జంతువును కార్డుగా మార్చేస్తే దాని నుంచి అనుభవ పాయింట్లు రావు. ఈ ఆటలో అది వరం. తక్కువ లెవెల్‌లో ఉండి బలంగా ఉండడమే ఇక్కడి నేర్పు.

ప్రపంచమే మనతోపాటు పెరిగే పద్ధతి మీద నాకు పాత అభ్యంతరం ఉంది. 2006లో ఆబ్లివియన్ అనే ఆట వచ్చినప్పుడు అది ఇంకా స్పష్టమైంది. లెవెల్ బాగా పెరిగాక అడవిదారిలో బాటసారులను దోచుకునే దొంగ కూడా ఎంతో ఖరీదైన గాజు కవచం తొడుక్కుని వస్తాడు. అంత కవచం ఉన్నవాడికి నా జేబులో నాణేలు ఎందుకు? అంతకన్నా పెద్ద నష్టం ఒకటుంది. మొదటి రోజు నన్ను తరిమికొట్టిన జీవి దగ్గరకు నెల తర్వాత తిరిగి వెళ్లి ఒక్క దెబ్బతో పడగొట్టినప్పుడే నేను ఎంత దూరం వచ్చానో నాకు తెలుస్తుంది. తలుపు పక్క గోడ మీద పిల్లల ఎత్తు గీతలు పెడతాం కదా, గోడ కూడా పెరుగుతుంటే ఆ గీతలకు అర్థం ఏముంటుంది? ఫైనల్ ఫాంటసీ 8 జంక్షన్ అనే మరో కొలతను చేతికిచ్చింది కాబట్టి దాన్ని ఇప్పటికీ ప్రేమిస్తాను. ఆబ్లివియన్‌లో కష్టాన్ని తగ్గించుకునే మీట ఉంది. చిరాకు వస్తే దాన్ని కాస్త ఎడమకు జరపండి, ఆట అందం ఏమీ తగ్గదు.


ప్రశ్న: ఉద్యోగం, రెండేళ్ల పాప. రాత్రి పాప పడుకున్నాక నాకు మిగిలేది నలభై నిమిషాలు. అందులో సగం ఒకే చోట అటూ ఇటూ తిరిగి పాయింట్లు పోగేసుకోవడానికే సరిపోతోంది. రోల్ ప్లేయింగ్ ఆటలు మానేయాలా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మానేయకండి, ఆట మార్చండి. నలభై నిమిషాలకు గౌరవం ఇచ్చే ఆటలు ఉన్నాయి.

మొదట క్రోనో ట్రిగర్. 1995 నాటిది, ఇప్పుడు ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ దొరుకుతుంది. ఇందులో శత్రువులు చాలావరకు కళ్ల ముందే కనిపిస్తారు, ప్రపంచ పటం మీద నడుస్తుంటే ఎవరూ మీద పడరు. దారిలో ఎదురైనవారితో పోరాడుకుంటూ వెళితే చాలు, పనిగట్టుకుని ఆగవలసిన అవసరం దాదాపు రాదు. డ్రాగన్ క్వెస్ట్ చేసిన హోరీ, ఫైనల్ ఫాంటసీ చేసిన సకగూచి, బొమ్మలు వేసిన తోరియామా కలిసి చేసిన ఆట ఇది. జపాన్‌లో మదర్ 2 పేరుతో వచ్చిన ఎర్త్‌బౌండ్‌లో మీరు బలవంతులయ్యాక బలహీన శత్రువులు మిమ్మల్ని చూసి పారిపోతారు. వెంటపడి తగిలితే యుద్ధం జరగకుండానే గెలుపు రాసేస్తారు. 1994లోనే ఒకరికి ఈ దయ కలిగిందంటే నాకు ఇప్పటికీ ఆనందంగా ఉంటుంది. బ్రేవ్‌లీ డిఫాల్ట్ ఇంకో అడుగు వేసి, శత్రువులు ఎంత తరచుగా రావాలో మీ చేతికే వదిలేసింది. పూర్తిగా ఆపేయవచ్చు, రెట్టింపు కూడా చేసుకోవచ్చు.

ఫైనల్ ఫాంటసీ 12 కొత్త రూపం జోడియాక్ ఏజ్ (2017)లో ఒక మీట నొక్కితే ఆట నాలుగు రెట్ల వేగంతో నడుస్తుంది. ఎవరు ఎప్పుడు ఏం చేయాలో గాంబిట్ అనే నియమాలుగా ముందే రాసి పెట్టుకోవచ్చు కాబట్టి మీ ఆలోచన యుద్ధానికి ముందే జరిగిపోతుంది. నలభై నిమిషాల మనిషికి ఇది బాగా నప్పుతుంది. అయితే ఏ ఆటలోనైనా నాలుగు రెట్ల వేగం మీకు తరచుగా అవసరమవుతుంటే, ఆ నిమిషాల్లో మీరు ఏదీ నిర్ణయించడం లేదని గుర్తించండి. గ్రైండింగ్‌ను, అంటే ఒకే పని పదేపదే చేసి పాయింట్లు పోగేసుకోవడాన్ని, నేను కొలిచేది దీనితోనే. పది యుద్ధాల్లో కనీసం ఒక్కచోటైనా "ఇప్పుడు ఏం చేయాలి" అని ఆగానా? ఆగితే అది ఆట. పదికి పదీ ఒకే బొత్తాం నొక్కితే ఆ రోజుకు ఆపేసి పడుకోవడం మేలు.

తక్కువసేపు ఆడేవారి గురించి ఆలోచించిన మరో ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ (2004). ప్రయోగ దశలో ఎక్కువసేపు ఆడినవారికి అనుభవం తగ్గించి ఇచ్చేవారు. ఆడేవారికి అది శిక్షలా తోచింది. అప్పుడు లెక్కను తిరగేశారు. సత్రంలో ఆట ఆపి వెళ్లినవారికి, తిరిగి వచ్చాక శత్రువులను చంపితే కొంతకాలం రెట్టింపు అనుభవం. మీరు ఆఫీసులో ఉన్నంతసేపూ మీ మనిషి అక్కడ విశ్రాంతి తీసుకుంటున్నట్టే.


ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. ఫోనులో ఆడే ఆటలో "ఎక్స్‌పీ బూస్టర్" కొనివ్వమంటున్నాడు. కొంటే రెండు రెట్లు వేగంగా లెవెల్స్ పెరుగుతాయట. కొనివ్వవచ్చా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: వద్దండి. ఆ ఆటలో లెవెల్ ఎంత నెమ్మదిగా పెరగాలో నిర్ణయించేదీ, ఆ నెమ్మదికి మందు అమ్మేదీ ఒక్కరే. విసుగు పుట్టించి విసుగు తీర్చడానికి డబ్బు అడుగుతున్నారు. ఆ డబ్బుతో బూస్టర్లు లేని, ఒకసారి కొంటే మొత్తం మనదయ్యే పాత ఆట ఒకటి కొనివ్వండి. పైన చెప్పిన క్రోనో ట్రిగర్ పదమూడేళ్లవాడికి చక్కగా సరిపోతుంది. మొదటి ఆదివారం మీరూ పక్కన కూర్చోండి. అడిగినదానికి కాదన్నారన్న బాధ వాడికి ఉంటుంది కదా, పక్కన మనిషి ఉంటే కాస్త తగ్గుతుంది.


ప్రశ్న: డ్రాగన్ క్వెస్ట్‌లో మెటల్ స్లైమ్ కనిపించగానే గుండె వేగంగా కొట్టుకుంటుంది, కానీ ప్రతిసారీ పారిపోతుంది. దాన్ని పట్టే ఉపాయం చెప్పండి.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: గుండె వేగంగా కొట్టుకోవాలనే దాన్ని పెట్టారు. మొదటి ఆటలో మామూలు స్లైమ్ ఒక్క పాయింటు ఇస్తే ఇది 115 ఇచ్చేది. ప్రాణం చాలా తక్కువ, తోలు మాత్రం ఇనుము, మంత్రాలు పనిచేయవు. అందుకే పెద్ద కత్తి ఉన్నవాడి మీద ఆశ పెట్టుకోవద్దు. మూడో ఆటలో విషసూది అనే చిన్న ఆయుధం ఉంది. దాని దెబ్బ ఒకటే, కానీ ఆ ఒకటి ఇనుప తోలును లెక్కచేయదు, అప్పుడప్పుడు ఒక్క పోటుతో ప్రాణమే తీస్తుంది. అది పట్టుకోగలిగినవారికి ఇవ్వండి. చురుకుదనం ఎక్కువ ఉన్నవారిని జట్టులో ఉంచుకోండి, అది పారిపోయేలోపు వారి వంతు రావాలి. పోరుకు ముందు పడిపోయిన సభ్యులు ఉంటే బతికించుకోండి. మూడో ఆటలో అనుభవం బతికి ఉన్నవారికే పంచుతారు. అంత కష్టపడి పట్టిన మెటల్ స్లైమ్‌లో ఒకరికి వాటా దక్కకపోతే నాకు మనసొప్పదు.