మెలకువగానా, మత్తులోనా? సంతకం మాత్రం మీ నాయనదే

ప్రశ్న: మాది కావలి. మా నాయనకు 63 ఏళ్లు, తెలుగు పండిట్‌గా రిటైరయ్యారు. తొమ్మిదేళ్లుగా పార్కిన్సన్స్. మాత్ర వేసుకున్నా రెండు గంటలకు మించి పనిచేయడం లేదు. చెన్నైలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే డీబీఎస్ ఆపరేషన్ చేస్తామన్నారు. మనిషిని మెలకువగా ఉంచే చేస్తారట. తలకు రంధ్రం వేస్తుంటే మెలకువగా ఉండటం తన వల్ల కాదని నాయన ఒకటే టెన్షన్. పూర్తి మత్తిచ్చి చేయమని హక్కుగా అడగొచ్చా? పైగా ఇంగ్లిషు ఫారం ఒకటి చేతికిచ్చి, ఆయన చేయి వణుకుతోంది కాబట్టి మా తమ్ముడు సంతకం పెడితే చాలన్నారు. అది చెల్లుతుందా? రేపు ఏదైనా అటూ ఇటూ అయితే చెన్నై వెళ్లి కేసు వేయాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ ఫారం మీద మీ తమ్ముడి చేత సంతకం పెట్టించకండి. ఇప్పటికే పెట్టి ఉంటే, అది చాలదని చెప్పి కొత్త ఫారం అడగండి.

మీ నాయనకు వణుకుతున్నది చేయి, బుద్ధి కాదు. తెలివి స్థిమితంగా ఉన్న మనిషికి ఆపరేషన్ చేయాలంటే ఆయనే ఒప్పుకోవాలి. కొడుకు ఒప్పుకున్నా, భార్య ఒప్పుకున్నా అది ఆయన ఒప్పుకున్నట్టు కాదు. 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. పరీక్ష కోసమని ఆమెకు పూర్తి మత్తిచ్చారు. ఆమె ఆ మత్తులో ఉండగానే థియేటర్ బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ చికిత్స ఆ జబ్బుకు తగనిదేమీ కాదని కోర్టే అన్నది. అయినా ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాదు కాబట్టి తల్లి మాట చెల్లదని చెప్పి, ఫీజు రాదని, పైగా 25 వేలు పరిహారం కట్టాలని డాక్టరును ఆదేశించింది. తల్లి మాటే చెల్లనప్పుడు మీ తమ్ముడి సంతకం ఏపాటి?

చేయి వణికితే ఏం చేయాలి? వంకర టింకరగా పెట్టినా సంతకం సంతకమే. అదీ కుదరకపోతే వేలిముద్ర. పేరు రాయలేని మనిషి పెట్టిన గుర్తు కూడా సంతకంతో సమానమని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టమే చెబుతోంది. పక్కన ఇద్దరు సాక్షులు ఉండాలి. మీ ఇంటి మనిషి ఒకరు, ఆపరేషన్ బృందంతో సంబంధం లేనివాళ్లు ఒకరు అయితే మేలు. ‘ఈ ఫారం తెలుగులో చదివి వినిపించాం, ఆయన అర్థం చేసుకున్నారు’ అని ఒక వాక్యం రాయించి దాని కింద వాళ్ల సంతకాలు తీసుకోండి.

అంతకన్నా ముఖ్యం సంతకం పెట్టే వేళ. మెలకువగా చేసే పద్ధతిలో ముందు రాత్రి నుంచే పార్కిన్సన్స్ మాత్రలు ఆపేస్తారు. తెల్లవారేసరికి ఆయన కొయ్యబారిపోయి, మాట కూడా సరిగా రాని స్థితిలో ఉంటారు. ఆ సమయంలో ట్రాలీ పక్కన నిలబడి తీసుకున్న సంతకాన్ని కోర్టులో ఎవరైనా ప్రశ్నించవచ్చు. రెండు మూడు రోజుల ముందే, మాత్ర బాగా పనిచేస్తున్న గంటలో కూర్చోబెట్టి పెట్టించండి. డీబీఎస్‌కు ముందు జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో పరీక్షలు చేస్తారు. ఆ రిపోర్టు కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆయన తన నిర్ణయం తాను తీసుకోగలరనడానికి అంతకు మించిన కాగితం ఉండదు.

ఇక అసలు ప్రశ్న. నేను వకీలునే గానీ డాక్టరును కాను. అయినా మత్తు సంగతి కొంత చెప్పకుండా హక్కు సంగతి చెప్పలేను. మెలకువగా ఉంచేది ఖర్చు తగ్గించుకోవడానికి కాదు. తల చర్మానికి మొద్దుబారే ఇంజక్షన్లు ఇస్తారు, మెదడుకు స్వతహాగా నొప్పి తెలియదు. ఎలక్ట్రోడ్ పోతున్న దారిలో నాడీకణాల చప్పుడు వింటూ, కరెంటు కొంచెం ఇచ్చి ‘చేయి ముడవండి, నెలల పేర్లు చెప్పండి’ అంటారు. వణుకు తగ్గిందా, మాట తడబడిందా అని అక్కడికక్కడే చూసుకుంటారు. ఛాతీ పైభాగంలో కాలర్ ఎముక కింద బ్యాటరీ పెట్టే రెండో భాగాన్ని మాత్రం చాలాచోట్ల పూర్తి మత్తులోనే చేస్తారు. అంటే ఒకే చికిత్సలో రెండు రకాల మత్తులు. మీకిచ్చిన ఫారంలో ‘తగిన మత్తు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే అది సగం ఫారమే.

పూర్తి మత్తులో, ఎమ్మారై, సీటీ చిత్రాల ఆధారంగా ఎలక్ట్రోడ్లు పెట్టే పద్ధతి కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో 110 మంది రోగులను రెండు గుంపులుగా చేసి పోల్చిన అధ్యయనం 2021లో వెలువడింది. ఆలోచన, మనోస్థితి, ప్రవర్తన మీద దుష్ప్రభావాల్లో రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు, కదలికల మెరుగుదల కూడా దగ్గరదగ్గరే. కాబట్టి ‘పూర్తి మత్తులో ఈ ఆపరేషన్ ఎక్కడా చేయరు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. ‘మా దగ్గర మేం చేయం’ అంటే మాత్రం అది వాళ్ల ఇష్టం.

చట్టం గీత కూడా అక్కడే గీసింది. వద్దనే హక్కు మీ నాయనకు పూర్తిగా ఉంది. ‘ఇలాగే చేసి తీరాలి’ అని డాక్టరును ఆదేశించే హక్కు ఎవరికీ లేదు. తనకు అలవాటు లేని పద్ధతిలో చేయనని డాక్టరు అంటే, ఇంకోచోటికి వెళ్లాల్సింది మీరే. కానీ వేరే దారి ఉందని, దాని లాభనష్టాలు ఇవని, అసలు ఆపరేషనే వద్దనుకుంటే ఏమవుతుందని చెప్పడం డాక్టరు బాధ్యత. అంగీకారం చెల్లాలంటే ఈ వివరాలన్నీ చెప్పి ఉండాలని సమీరా కోహ్లి తీర్పే అంటోంది. హైదరాబాద్‌లో నిమ్స్, బెంగళూరులో నిమ్‌హాన్స్, తిరువనంతపురంలో శ్రీచిత్ర కూడా డీబీఎస్ చేస్తాయి. ఇంకో డాక్టరు మాట వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మన వైపు వాళ్లు పెద్దగా పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. నెల్లూరు జిల్లా జనం పెద్ద జబ్బు చేస్తే చెన్నై రైలెక్కుతారు. మామూలు ఆపరేషన్‌లో భాష ఏదైనా నడిచిపోతుంది, మనిషి ఎలాగూ నిద్రలో ఉంటాడు. ఇక్కడ అలా కాదు. తల ఫ్రేములో బిగించి ఉండగా అరవంలోనో ఇంగ్లిషులోనో అడిగితే, జన్మంతా తెలుగు పాఠాలు చెప్పిన మనిషి ఏం చెబుతాడు? జవాబు ఆలస్యమైతే అది కరెంటు వల్ల వచ్చిన తడబాటా, భాష అర్థంకాక వచ్చిన తడబాటా ఎవరికి తెలుస్తుంది? థియేటర్లో తెలుగు మాట్లాడే మనిషి ఒకరు ఉండాలని ముందే రాతపూర్వకంగా అడగండి. నా మటుకు నేను మిగతా షరతులన్నిటికన్నా ఇదే ముందు పెడతాను. మీ నాయన భయంలో సగం దీనితోనే పోవచ్చు కూడా.

మధ్యలో ఆయన తట్టుకోలేకపోతే? ఫిట్స్ వచ్చి, ఊపిరి ఇబ్బందై ప్రాణం మీదికొస్తే, ఎవరినీ అడగకుండా పూర్తి మత్తివ్వొచ్చు, దాన్ని ఏ కోర్టూ తప్పుపట్టదు. భయపడి ‘ఆపండి’ అనడం మాత్రం అలాంటిది కాదు. అది ముందే ఊహించగలిగిన విషయం, కాబట్టి ముందే ఒప్పందం కావాలి. ‘తట్టుకోలేకపోతే మగత మందు ఇవ్వండి, అప్పటికీ కుదరకపోతే పూర్తి మత్తిచ్చి కొనసాగించండి’ అనో, ‘అక్కడితో సురక్షితంగా ఆపి కుట్లు వేయండి’ అనో ఆయనే ఎంచుకుని ఫారంలో రాయించాలి. సర్జన్‌తో పాటు మత్తు డాక్టరుతో కూడా విడిగా మాట్లాడించండి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ పార్కిన్సన్స్ వాళ్లకు పడదు, కేసు షీటు మీద అది రాశారో లేదో ఆ మత్తు డాక్టరునే అడగండి.

ఒకటి గుర్తుంచుకోండి. డాక్టర్లు ఒప్పుకునే రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకున్నందుకు నిర్లక్ష్యం కేసు నిలబడదు. ఫలితం బాగా రాలేదన్నంత మాత్రాన కూడా నిలబడదు. జాకబ్ మాథ్యూ కేసులో 2005లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. ఇలాంటి కేసుల్లో బలం ఉండేది అంగీకార పత్రం దగ్గరే. నా దగ్గరికొచ్చిన ఒక కేసులో ఖాళీ ఫారం మీద సంతకం తీసుకుని, వివరాలు తర్వాత వేరే పెన్నుతో నింపారు. సిరా రంగు చూపించడానికి నిపుణుడు కూడా అవసరం కాలేదు. ఖాళీలున్న కాగితం మీద సంతకం పెట్టొద్దు, పెట్టిన ప్రతి కాగితాన్నీ ఫోన్లో ఫొటో తీసుకోండి. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలన్నది 2002 నాటి వైద్యుల నిబంధన.

కేసు వేయాల్సి వస్తే చెన్నై తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, అంటే నెల్లూరులో. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. గడువు రెండేళ్లు.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు గానీ, డీబీఎస్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. పాలసీలో డీబీఎస్ లాంటి కొత్త చికిత్సలను పూర్తిగా మినహాయించకూడదని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. అయితే ఇంతవరకే ఇస్తామని పరిమితి పెట్టుకోవచ్చు. అడ్మిషన్‌కు ముందే ఆ పరిమితి ఎంతో కంపెనీని ఈమెయిల్లో అడిగి జవాబు తెప్పించుకోండి.

చెన్నై ప్రయాణానికి ముందు మీ నాయన పెన్షన్ పడే బ్యాంకుకు ఒకసారి వెళ్లిరండి. పార్కిన్సన్స్‌లో చేతిరాత చిన్నదైపోతుంది, పాత సంతకంతో కలవక చెక్కు వెనక్కొస్తుంది. బ్యాంకు ఉద్యోగి ఒకరు, బయటివాళ్లు ఒకరు సాక్షులుగా వేలిముద్రతో డబ్బు తీసుకునే వీలు ఉంది. ఆ ఏర్పాటు ఇప్పుడే చేసుకుంటే అడ్వాన్సు కట్టే రోజున ఇబ్బంది పడరు.