పన్నెండు మందిలో ఒక్కణ్ణి ఉంచు

తమ్ముడూ,

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. నీ హీరో సందులో పన్నెండు మందిని చితక్కొట్టాడు. ఒక్క దెబ్బ కూడా నాకు తగల్లేదు. వాక్యాలు బాగానే పరిగెత్తాయి. కానీ కొట్టే ఆ చెయ్యి ఎవరిదో, ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియనివ్వలేదు నువ్వు.

మాంగా అంటే, ఆ జపాన్ బొమ్మల కథలంటే ప్రాణమని రాశావు కాబట్టి ఒక మాంగా పేరు చెబుతాను. కోజి మోరి రాసి, గీసిన 'హోలీల్యాండ్'. 2000 నుంచి 2008 దాకా 'యంగ్ యానిమల్' పత్రికలో వచ్చింది. మొత్తం 18 సంపుటాలు. 2005లో జపాన్‌లో టీవీ సీరియల్‌గా తీశారు గానీ యానిమే (జపాన్ యానిమేషన్) రాలేదు. మనలో చాలామంది యానిమే చూశాకే మాంగా వైపు వస్తారు కదా, అందుకే దీని పేరు పెద్దగా వినపడదు. ఇంత మంచి కథ అలా మరుగున పడి ఉండటం నాకు నిజంగా బాధ.

కథ టోక్యోలో, షిమోకితజావా వీధుల్లో నడుస్తుంది. కమిషిరో యూ అనే కుర్రాడు తోటిపిల్లల వేధింపులు పడలేక బడి మానేసి గదిలో తలుపేసుకున్నాడు. చేతికి ఒక బాక్సింగ్ పుస్తకం దొరికింది. గురువు లేడు, జిమ్ లేదు. అందులో చూసిన వన్-టూ ఒక్కటే పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి, వెంటనే కుడి చెయ్యి. మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి. చూసేవాళ్ళు లేరు, శభాష్ అనేవాళ్ళు లేరు. తర్వాత ఎప్పుడో రాత్రి వీధిలో ఒక పోకిరీ మీదికొస్తే, భయంతో వణుకుతూనే చెయ్యి విసిరాడు. అవతలివాడు కూలిపోయాడు.

ఆ పేజీ దగ్గర కాసేపు ఆగు తమ్ముడూ. ఆ ఒక్క పంచ్‌లో ఆ గది మొత్తం ఉంది. గది చూశాం కాబట్టే మనకు ఒళ్ళు జలదరిస్తుంది. నీ కథలో గది లేదు, నేరుగా వీధే ఉంది.

ఇంకొకటి గమనించు. కొట్లాట మధ్యలో మోరి ఆగి, ఏ పోరాట విద్య వీధిలో ఎలా పనిచేస్తుందో పాఠకుడికి విడమరిచి చెబుతాడు. పరుపు మీద జూడో పట్టు వేస్తే పడ్డవాడు లేస్తాడు. అదే పట్టు తారు రోడ్డు మీద వేస్తే? గ్లవ్స్ లేకుండా పుర్రె మీద గుద్దితే విరిగేది గుద్దినవాడి వేళ్ళే కావచ్చు. అందుకే ఇందులో నేల కూడా ఒక పాత్ర. నీ సందులో నేల ఏమిటి? సిమెంటా, కంకరా, వానకు నానిన బురదా? నీ హీరో కాళ్ళకు హవాయి చెప్పులున్నాయా? చెప్పులుంటే మొదటి తన్నుకే ఒకటి ఊడిపోవాలి. అలా రాస్తే పాఠకుడు నిన్ను నమ్మేస్తాడు.

లోపాలు లేవనను. ఒక్కో విద్య తెలిసినవాడు వరసగా ఎదురుపడే పద్ధతి కొన్నాళ్ళకు తెలిసిపోతుంది. ఆడపిల్లల పాత్రలకు చోటు తక్కువ. మొదటి సంపుటాల్లో బొమ్మలు కాస్త బిగుసుకుపోయినట్టుంటాయి. అయినా యూ మాత్రం మనల్ని వదలడు. వాడికి గెలవాలని లేదు. ఇంట్లో, బడిలో దొరకని చోటు ఆ వీధిలో దొరుకుతుందని ఆశ. పేరులోని పుణ్యభూమి అదే.

'బెర్సెర్క్' అనే మాంగా గీసిన కెంటారో మియురా, ఈ మోరి హైస్కూల్ నాటి స్నేహితులు. మియురా తన కథ ముగింపు దాకా మోరికి ముందే చెప్పి ఉంచాడు. 2021లో ఆయన పోయాక, 2022 నుంచి ఆ కథను ముందుకు నడిపే బాధ్యత మోరి తీసుకున్నాడు. స్నేహితుడి కథను అంత భద్రంగా గుండెలో దాచుకున్న మనిషి రాసింది కాబట్టే, 'హోలీల్యాండ్'లో స్నేహాలు అంత నిజంగా అనిపిస్తాయని నా నమ్మకం.

ముందు రెండు సంపుటాలు చదువు. తర్వాత నీ కథ తీసి పదకొండు మందిని కొట్టెయ్. మిగిలిన ఆ ఒక్కడి ముందు నీ హీరోకి చేతులు ఎందుకు వణుకుతున్నాయో రాసి నాకు పంపు. ఎంత పొడుగున్నా చదువుతాను.

ప్రేమతో,
మీ అన్నయ్య