బిజినెస్ ల్యాప్‌టాప్ కొంటే వినియోగదారుడు కాకుండా పోతారా?

ప్రశ్న: ఖమ్మంలో ఇంటి దగ్గరే కూర్చుని చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. నాలుగు నెలల కిందట ఆన్‌లైన్‌లో 94 వేలు పెట్టి 14 అంగుళాల బిజినెస్ ల్యాప్‌టాప్ కొన్నాను. 400 నిట్స్ వెలుగు, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ రంగులు అని ఆ పేజీలో రాసి ఉంది. తీరా వచ్చాక చూస్తే తెర వెలిసిపోయిన చీరలా ఉంది. తెల్లటి ఎక్సెల్ షీటు తెరిస్తే ఒక వెలుగు, నల్లటి విండో తెరిస్తే ఇంకో వెలుగు. ర్యామ్ పెంచుకుందామంటే అది బోర్డుకే అతికించి ఉందట. వారంలోపే సెల్లర్‌కు మెయిల్ పెట్టాను. సర్వీస్ సెంటర్‌వాళ్లు ‘డిఫెక్ట్ లేదు’ అని కాగితం ఇచ్చారు. సెల్లరేమో ‘జీఎస్టీ నంబరు మీద బిల్లు తీసుకున్నారు, కన్జ్యూమర్ కేసు చెల్లదు’ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు మూడు ఫిర్యాదులను ఒకే మూటలో కట్టారు. వాటిలో ఒకటి గట్టిది, ఒకటి అనుమానం, ఒకటి అసలు కేసే కాదు. ముందు మూట విప్పుదాం.

తెరమీది బొమ్మను బట్టి వెలుగు మారడం చాలా ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ ఆదా కోసం పెట్టిన సెట్టింగ్. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లోనో విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనో దాన్ని ఆపేయవచ్చు. ముందు ఆపి చూడండి. ఇది ఫిర్యాదులో రాస్తే అవతలి ఇంజినీరు వినియోగదారుల కమిషన్ ముందే రెండు నిమిషాల్లో సరిచేసి చూపిస్తాడు. ఆ తర్వాత మీ మిగతా మాటలకూ విలువ తగ్గుతుంది.

ర్యామ్ సంగతి పేజీలో ఏం రాశారన్నదాని మీద ఆధారపడుతుంది. ‘పెంచుకోవచ్చు’ అని ఉంటే అడగండి. ఏమీ రాయకపోతే కష్టం. ఈ రకం పల్చటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించడం మామూలైపోయింది.

గట్టిది తెర సంగతి. ఒకే మోడల్ పేరు మీద రెండు మూడు రకాల ప్యానెళ్లు అమ్ముతారు. చవక రకం 250, 300 నిట్స్ దగ్గర ఆగుతుంది, రంగులు 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాస్తారు (రంగులకు ఇది ఇంకో కొలత, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ కంటే బాగా తక్కువ). పై రకం మీకు చెప్పిన 400 నిట్స్‌ది. పేజీలో పైది చూపించి పెట్టెలో కిందిది పంపి ఉంటే, సర్వీస్ సెంటర్ కాగితం మీకు అడ్డు కాదు. వాళ్లు చూసింది ప్యానెల్ చెడిందా లేదా అని మాత్రమే. చవక ప్యానెల్ చవక ప్యానెల్‌గా చక్కగానే పనిచేస్తోంది, అందులో వాళ్ల అబద్ధం లేదు.

చట్టంలో ‘లోపం’ అనే మాటకు అంతకంటే విశాలమైన అర్థం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(10) ప్రకారం, వ్యాపారి ఏ రూపంలోనైనా ‘ఇలా ఉంటుంది’ అని చెప్పుకున్న ప్రమాణానికి సరుకు తగ్గినా అది లోపమే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 కూడా వర్ణన చూపి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలనే చెబుతుంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని సెల్లర్ అనకూడదు. కాబట్టి ‘తెర బాగాలేదు, కళ్లు మండుతున్నాయి’ అని రాయకండి. ‘చెప్పిన తెర ఇది కాదు’ అని రాయండి. మొదటిదానికి ల్యాబ్ పరీక్ష, దాని ఖర్చు, వాయిదాలు. రెండోది చాలావరకు కాగితాలతోనే తేలుతుంది.

ఆ కాగితాలు ఇప్పుడే పోగుచేయండి. ఆర్డర్ మెయిల్, తేదీ కనిపించేలా ఆ పేజీ స్క్రీన్‌షాట్లు, పెట్టె మీది లేబుల్ ఫొటో. పేజీని మార్చేయడం వాళ్లకు నిమిషం పని. హార్డ్‌వేర్ వివరాలు చూపే సాఫ్ట్‌వేర్ వేస్తే ప్యానెల్ మోడల్ నంబరు తెలుస్తుంది. చాలా కంపెనీల సైట్లలో సీరియల్ నంబరు కొడితే ఫ్యాక్టరీ నుంచి ఏ భాగాలతో వచ్చిందో కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ ఆధారాన్ని ధ్రువీకరించే పత్రం) జతచేస్తే అభ్యంతరం చెప్పే వీలు తగ్గుతుంది.

ఇక జీఎస్టీ నంబరు మాట. సెక్షన్ 2(7)లో వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని మినహాయించిన మాట నిజమే. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే వాడుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కాదని అక్కడే వివరణ ఉంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి చర్చిస్తూ టైపు మిషన్‌నే ఉదాహరణగా తీసుకుంది. దాన్ని కొని డబ్బులకు ఇతరుల పని టైపు చేసిపెట్టడం వాణిజ్య వాడకమే అయినా, కొన్నవాడే వాడుకుంటూ దానిమీద బతుకుతుంటే వినియోగదారుడేనంది. అప్పటి టైపు మిషన్ స్థానంలో ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ ఉంది. పది మంది ఉద్యోగుల కోసం పది కొని ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. ‘నేనొక్కడినే వాడుతున్నాను, ఇదే నా జీవనాధారం’ అనే వాక్యం ఫిర్యాదులోనూ అఫిడవిట్‌లోనూ తప్పక ఉండాలి. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటే (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకుని ఉంటే) ఆ పన్ను మొత్తాన్ని రీఫండ్‌లో మళ్లీ కలపకండి. ఆ లెక్క నాకంటే మీకే బాగా తెలుసు.

వారంలోపే మెయిల్ పెట్టడం మంచి పని. ఇప్పుడు సెల్లర్‌కు, ప్లాట్‌ఫామ్‌కు, కంపెనీకి 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయండి, కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, సెల్లర్ ఏ ఊళ్లో ఉన్నా సరే. చెల్లించిన ధర 5 లక్షల లోపు గనక ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు, ఉత్తరాలు నడుస్తున్నాయని అది పెరగదు. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది, ల్యాబ్ పరీక్ష అవసరమైతే అయిదు. ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది, ఆ టెన్షన్‌కు సిద్ధపడే వేయండి.

ఈలోగా కంపెనీవాళ్లు ఫోన్ చేసి ‘ప్యానెల్ మార్చేస్తాం’ అంటే కాదనకండి. ఏ నంబరు ప్యానెల్ తీసి ఏ నంబరుది పెడతారో జాబ్ షీటులో రాయించుకున్నాకే ల్యాప్‌టాప్ వాళ్ల చేతికివ్వండి.