మీ నాన్నగారి యెజ్డీ ఇంజిన్ విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

మీ నాన్నగారు 1976లో కొన్న యెజ్డీ మోటారు సైకిల్‌ను రేకుల షెడ్డులోంచి బయటికి తీశావనీ, ఇంజిన్‌ను మెకానిక్‌కు ఇవ్వకుండా నువ్వే స్వయంగా విప్పి కట్టాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మైసూరు యాదవగిరి ఫ్యాక్టరీలో తయారైన ఆ బండ్లను ముప్పై ఏళ్లకు పైగా విప్పి కట్టినవాణ్ణి కాబట్టి, నువ్వు స్పానర్ పట్టుకునే లోపే ఈ ఉత్తరం నీకు అందాలని కూర్చుని రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకో. నీ బండిలాంటి టూ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంకు, అంటే పిస్టన్ ఆటను తిరుగుడుగా మార్చే ఇరుసు, తిరిగే గది కేవలం క్రాంకును మోసే పెట్టె కాదు, అది ఇంజిన్‌కు ఊపిరితిత్తి. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు ఆ గది కార్బురేటర్ నుంచి గాలినీ, ఆయిల్ కలిసిన పెట్రోలునూ లోపలికి పీల్చుకుంటుంది, పిస్టన్ కిందికి దిగినప్పుడు దాన్నే నొక్కి సిలిండర్ గోడలోని దారుల గుండా పైకి పంపుతుంది. అందువల్ల ఆ గదికి ఎక్కడ సన్నని చిల్లు పడినా ఇంజిన్ ఊపిరి దెబ్బతింటుంది. మొదటిసారి ఇంజిన్ కట్టేవాళ్లందరూ పిస్టన్ మీదా, అది ఆడే సిలిండర్ రంధ్రమైన బోరు మీదా డబ్బు పోసి, క్రాంకుకు రెండు పక్కలా గాలీ ఆయిలూ కారకుండా ఆపే చిన్న రబ్బరు ఆయిల్ సీళ్ల దగ్గర పొదుపు చేస్తారు. నేనూ అలాగే చేశాను. నా మొదటి ఇంజిన్‌లో డైనమో వైపు సీల్ చూడటానికి బాగానే ఉందని పాతదే ఉంచేశాను. ఊరు దాటి ఇరవై కిలోమీటర్లు కూడా వెళ్లకముందే కొత్త పిస్టన్ కొత్త బోరులో పట్టేసింది. ఆ వైపు సీల్ గాలిని లోపలికి లాగితే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది, దానితోపాటు ఆయిల్ కూడా తగ్గుతుంది, వేడి పెరిగి ఇంజిన్ సీజ్ అవుతుంది. క్లచ్ వైపు సీల్ పోతే రోగం వేరేలా బయటపడుతుంది: గేర్ ఆయిల్ క్రాంకు గదిలోకి చేరి కాలిపోవడం వల్ల సైలెన్సర్ల నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, గేర్ ఆయిల్ మట్టం రోజురోజుకీ తగ్గిపోతుంది.

ఇంజిన్ దించే ముందు అది ఎందుకు ఆగిపోయిందో తెలుసుకునే ప్రయత్నం చెయ్యి. ఇన్నేళ్లు నిలబడిన బండి కనుక కిక్కు కదలకపోవచ్చు. ఆ మోడల్‌లో కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా కాబట్టి, దాని మీద నిలబడి తొక్కితే ఇరుసు వంగుతుంది, లోపలి పళ్లు విరుగుతాయి. ప్లగ్ తీసి ఆ రంధ్రంలోంచి కొంచెం డీజిల్ పోసి మూడు నాలుగు రోజులు వదిలెయ్యి, తర్వాత మెల్లగా కదిలించి చూడు.

సిలిండర్ పైకి లాగేటప్పుడు అది సగం లేవగానే కింద క్రాంకు గది మూతిని శుభ్రమైన గుడ్డతో కప్పెయ్యి. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపే గడ్జన్ పిన్ను జారకుండా పట్టి ఉంచే సర్‌క్లిప్ అనే చిన్న తీగ రింగు ఎగిరి ఆ గదిలో పడిందంటే, పైభాగంతో తేలిపోవాల్సిన పని ఇంజిన్ మొత్తం విప్పేదాకా వెళుతుంది. తీసిన సర్‌క్లిప్‌లను మళ్లీ వాడవద్దు, కొత్తవే వెయ్యి.

బయటికి వచ్చిన పిస్టన్‌ను కడగకుండా వెలుతురులో పెట్టి చూడు, దాని మీది గీతలను చదవడం నేర్చుకోవాలి. గీతలు సైలెన్సర్ వైపు మాత్రమే ఉంటే ఇంజిన్ అతిగా వేడెక్కిందని అర్థం, అంటే మిశ్రమం పలచబడి ఉంటుంది, ప్లగ్ నిప్పు పడే టైమింగ్ తప్పి ఉంటుంది, లేదా ఎక్కడో గాలి లాగుతూ ఉంటుంది. కార్బురేటర్ వైపు గీతలుంటే ఆయిల్ అందలేదని అనుమానించాలి. చుట్టూ నాలుగు చోట్ల నిలువు మచ్చలు కనిపిస్తే, బోరు బిగుతుగా ఉండటం వల్లనో, చల్లటి ఇంజిన్‌ను ఒక్కసారిగా పరుగెత్తించడం వల్లనో పిస్టన్ సిలిండర్ కన్నా ముందే వ్యాకోచించిందన్నమాట. ఈ కారణం తెలియకుండా కొత్త పిస్టన్ వేస్తే అదే కారణం దాన్నీ తింటుంది.

తర్వాత పిస్టన్‌నూ క్రాంకునూ కలిపే కనెక్టింగ్ రాడ్డును చూడు. క్రాంకును పై మట్టానికి తెచ్చి రాడ్డును రెండు చేతులతో పట్టుకుని నిలువుగా లాగి నొక్కు. పక్కలకు కొద్దిగా ఊగడం సహజమే గాని, పైకీ కిందికీ ‘టక్’మని ఏ కొంచెం ఆట తెలిసినా రాడ్డు కింది కొస బేరింగు, అంటే బిగ్ ఎండ్, అరిగినట్టే. ఆ క్రాంకును ప్రెస్సు మీద విడదీసి, కొత్త పిన్నూ బేరింగూ రాడ్డూ వేసి, మళ్లీ వంకర లేకుండా సరిచేసే పని నీ ఇంట్లో అయ్యేది కాదు, దాన్ని అనుభవమున్న లేతు షాపుకే ఇవ్వు. తిరిగి తీసుకునేటప్పుడు మాత్రం సెంటర్ల మధ్య తిప్పి డయల్ గేజి మీద చూపించమని అడుగు. ముల్లు 0.03 మిల్లీమీటర్లకు మించి ఊగకపోతే నాకు తృప్తి. 0.05 దాటితే మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చెయ్యి.

బోరు విషయంలో వరస తప్పవద్దు: ముందు పిస్టన్ కొను, తర్వాతే దానికి సరిపోయేలా సిలిండర్‌ను లోపల తొలిపించి బోరు చేయించు. ఆ ఇంజిన్ బోరు 65 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ ఆడే దూరం, అంటే స్ట్రోకు, 75. ఓవర్‌సైజ్ పిస్టన్లు పావు మిల్లీమీటరు మెట్లలో వస్తాయి. లేతు పనివాడు నువ్విచ్చిన పిస్టన్‌నే, గడ్జన్ పిన్నుకు అడ్డంగా దాని కింది భాగమైన స్కర్ట్ దగ్గర కొలిచి, మాన్యువల్ చెప్పిన సందు వచ్చేలా బోరు చేసి, రాయితో గోడను సాపు చేసే హోనింగ్ చెయ్యాలి. ఇక్కడ చాలా షాపులు మర్చిపోయే పని ఒకటుంది. బోరు చేశాక సిలిండర్ గోడలోని దారుల, అంటే పోర్టుల, అంచులు కత్తిలా పదునుగా మిగులుతాయి. వాటిని సన్నటి ఆకురాయితోనో రాయితోనో కొద్దిగా వాల్చకపోతే రింగులు ఆ అంచులకు తగిలి విరుగుతాయి. సిలిండర్ ఇంటికి తెచ్చాక వేలితో ప్రతి అంచునూ తడిమి చూడు, వేలికి గుచ్చుకునేది రింగునూ పట్టుకుంటుంది. అది సరిచేశాక సబ్బు నీళ్లతో రుద్ది కడిగి, తెల్లగుడ్డతో తుడిచినప్పుడు గుడ్డ నల్లబడకుండా తెల్లగానే వచ్చేదాకా మళ్లీ మళ్లీ కడుగు. ఆరగానే ఆయిల్ పూయకపోతే గంటలో తుప్పు పట్టేస్తుంది.

రింగులను పిస్టన్‌కు తొడిగే ముందు ఒక్కొక్కదాన్నీ బోరులో పెట్టి, పిస్టన్ తలతో సమంగా కిందికి నెట్టి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజితో కొలువు. 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మంచిది. తొడిగేటప్పుడు రింగు కొసలు గాడిలోని చిన్న మేకు దగ్గరే కలిసేలా చూడు. కొసలు పోర్టులోకి జారకుండా ఆపేది ఆ మేకే.

బేరింగులు కొత్తవే వెయ్యి, రాణీగంజ్ దుకాణాల్లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో మంచి కంపెనీవి దొరుకుతాయి, క్రాంకుకు వేసేవి సీ3 రకం (లోపల సందు కాస్త ఎక్కువుండేవి) అని చెప్పి తీసుకో. వాటిని సుత్తితో కొట్టి కూర్చోబెట్టవద్దు. బేరింగులను రాత్రంతా ఫ్రిజ్ పైగదిలో ఉంచి, క్రాంకు గది అయిన అల్యూమినియం చాంబర్‌ను నీటి చుక్క వేస్తే చుయ్యిమనేంత వేడి చేస్తే, అవి చేతితో నొక్కగానే తమ చోట కూర్చుంటాయి. సీళ్లు మాత్రం చాంబర్ చల్లబడ్డాక, అంచుకు గ్రీజు రాసి వెయ్యాలి, పాతవి ఏ వైపు ముఖం పెట్టి ఉన్నాయో తీసేముందే ఫోటో తీసి ఉంచుకో. చాంబర్ రెండు సగాలు కలిసే అంచులను కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకవద్దు. అక్కడ పడిన ఒక్క గీత చాలు గాలి లాగడానికి.

ఇంజిన్ కట్టడం పూర్తయ్యాక దాన్ని బండికి ఎక్కించకముందే గాలి పరీక్ష చెయ్యమని నిన్ను ప్రత్యేకంగా కోరుతున్నాను. నా దగ్గర పాత బీపీ మిషన్ ఉంది. గుండె ఖాళీ చేసిన ఒక పాత ప్లగ్‌కు ట్యూబు అతికించి, దానికి ఆ బీపీ మిషన్ రబ్బరు బల్బునూ డయల్‌నూ కలిపి పెట్టుకున్నాను. పిస్టన్‌ను కింది మట్టానికి దించి, సైలెన్సర్ రంధ్రాలకు రబ్బరు బిరడాలు బిగించి, కార్బురేటర్ మూతికి సైకిల్ ట్యూబు ముక్క వేసి పైన రేకు బిగించి, ఆ ప్లగ్‌ను సిలిండర్ పైమూత అయిన హెడ్డుకు బిగించి గాలి కొట్టు. డయల్ 300 దగ్గర, అంటే చదరపు అంగుళానికి దాదాపు ఆరు పౌండ్ల దగ్గర, ముల్లు ఐదారు నిమిషాలు నిలబడాలి. పడిపోతూ ఉంటే కలిసే అంచులన్నిటికీ, ఆ సీళ్ల చుట్టూ సబ్బు నీళ్లు పూసి చూడు, ఎక్కడ బుడగ లేస్తే అక్కడ దోషం. నా మొదటి ఇంజిన్‌కు ఈ పది నిమిషాల పని చేసి ఉంటే ఆ పిస్టన్ బతికేది.

ప్లగ్‌కు నిప్పు రప్పించే కాంటాక్ట్ పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్లు పెట్టు. టైమింగ్ అంకెను మాత్రం ఆ మోడల్ మాన్యువల్ నుంచే తీసుకో, నా నోటి మాట మీద ఆధారపడకు. మొదటి ట్యాంకుకు లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలుపు. భయపడి అంతకన్నా ఎక్కువ పోస్తే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి వేడే పెరుగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కనుక పాత రబ్బరు పైపులూ వాషర్లూ మార్చెయ్యి, బండి వారం పైన కదలదనుకుంటే కార్బురేటర్ గిన్నె ఖాళీ చేసి పెట్టు.

స్టార్టయ్యాక మొదట రెండు మూడు సార్లు వేడెక్కనిచ్చి పూర్తిగా చల్లారనివ్వు. ఆ తర్వాత చల్లటి ఇంజిన్ మీద హెడ్డు నట్లు మళ్లీ బిగించు. మొదటి 500 కిలోమీటర్లు సగం రేసు దాటవద్దు, పై గేరులో ముక్కుతూ లాగనివ్వద్దు. పొడవాటి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు రేసు మూసేసి గేరులో జారవద్దు. ఆ బండికి ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే కాబట్టి, రేసు మూస్తే ఇంజిన్ వేగంగా తిరుగుతూనే ఎండిపోతుంది. నడుమ నడుమ క్లచ్ పట్టి ఒకసారి రేసు ఇస్తూ ఉండు. వంద కిలోమీటర్లకోసారి ప్లగ్ తీసి చూడు, టీ రంగులో ఉంటే నిశ్చింత, తెల్లబడితే అక్కడే ఆపి నాకు ఫోన్ చెయ్యి.

బీపీ బల్బు కట్టిన ఆ ప్లగ్‌నూ, డైనమోను ఊడదీసే పుల్లర్‌నూ రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. క్లచ్ పుల్లర్ మీ నాన్నగారి పెట్టెలోనే ఉండాలి, అడుగున మైనపు గుడ్డలో చుట్టి ఉంటుంది, వెతికి చూడు. పిస్టన్ తీయగానే నాలుగు వైపులా ఫోటోలు పంపు. గీతలు చూశాక బోరు సంగతి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య