ఎయోర్టా మీద మొదటి క్లాంప్ వేసే ముందు

చి. సుధకు ఆశీస్సులు.

వచ్చే వారం ఎయోర్టా అనూరిజం కేసు, అంటే పొట్టలో పెద్ద ధమని ఉబ్బిన కేసు, నువ్వే చేస్తున్నావని తెలిసింది. నువ్వు పంపిన స్కాన్‌లు చూశాను. ఉబ్బు వెడల్పు 6.2 సెంటీమీటర్లు, కిడ్నీ నాళాల కింద మంచి నెక్ (ఉబ్బని భాగం), గోడకు సున్నం పెద్దగా పట్టలేదు. మొదటి కేసుకు ఇంతకన్నా అనుకూలమైనది దొరకదు. నిద్ర పట్టడం లేదన్నావు. నాకూ పట్టలేదులే.

కోత అవసరమా అన్నది ఇక్కడ తేలిపోయింది. మగవాళ్లలో 5.5, ఆడవాళ్లలో 5 సెంటీమీటర్లు దాటితే చెయ్యమంటారు. అంతకన్నా చిన్నవాటిని ముందే కోసినా ఆయుష్షు పెరగదని బ్రిటన్‌లో, అమెరికాలో జరిగిన రెండు పెద్ద ట్రయల్స్ చూపించాయి. నొప్పి మొదలైతే మాత్రం కొలతలు పక్కన పెట్టాలి. స్టెంట్ గ్రాఫ్ట్, అంటే నాళం లోపలినుంచి పెట్టే గొట్టం, ఎందుకు వద్దని రోగి కొడుకు అడిగాడన్నావు కదా, సూటిగా చెప్పు. 1990లో అర్జెంటీనా సర్జన్ పరోడి తొడ నాళం గుండా మొదటిసారి పెట్టిన దగ్గర్నుంచి ఆ పద్ధతి ఎంతోమందికి పెద్ద కోత తప్పించింది. మొదటి నెలలో ప్రాణగండం కూడా తక్కువే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ లాభం కరిగిపోతుంది, లోపల లీకు ఉందేమోనని బతికినన్నాళ్లూ స్కాన్‌లు తప్పవు. మీ రోగికి అరవై రెండేళ్లు, గుండె గట్టిది, పైగా స్కాన్‌ల చుట్టూ తిరగలేనని ఆయనే అంటున్నాడు. అలాంటప్పుడు కోతే నయం.

స్కాన్‌లో ఎడమ కిడ్నీ సిర ఎక్కడుందో నువ్వే మరోసారి చూసుకో, రిపోర్టును నమ్మకు. మామూలుగా అది నెక్ ముందు నీలం పట్టీలా అడ్డంగా పోతుంది, కొందరిలో వెనకనుంచి పోతుంది. ముందు కనిపించలేదంటే వెనక ఉందనే అనుకో. అక్కడ వేలు గుడ్డిగా దూర్చావంటే ఆపడం కష్టమైన రక్తస్రావం మొదలవుతుంది.

హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ఇచ్చాక గడియారం చూసి మూడు నిమిషాలు ఆగు. ముందు ఇలియాక్‌ల (కాళ్లకు వెళ్లే నాళాల) మీద, తర్వాత ఎయోర్టా మీద క్లాంప్ (రక్తం ఆపే పట్టుకారు). ఈలోగా శాక్‌ను (ఉబ్బిన సంచిని) పిసకొద్దు, లోపలి చెత్త కాళ్లలోకి జారుతుంది. తెరిచాక పాత గడ్డలు ఉల్లిపొరల్లా ఊడి వస్తాయి, చేత్తో తీసెయ్. వెనక గోడ నుంచి నడుము వైపు వెళ్లే లంబార్ నాళాలు చిమ్ముతాయి. చూడ్డానికి భయంగా ఉంటుంది, అంతే. వేలితో నొక్కి ఒక్కొక్కదానికీ ఎనిమిదంకె కుట్టు వెయ్యి. పెద్దపేగుకు వెళ్లే కింది మెసెంటరిక్ నాళం నుంచి రక్తం జోరుగా వెనక్కి వస్తే కట్టెయ్యొచ్చు. నీరసంగా కారుతూ, పెద్దపేగు రంగు తగ్గుతుంటే దాన్ని గ్రాఫ్ట్‌కు (ఉబ్బిన చోట కుట్టే కృత్రిమ గొట్టానికి) అతికించక తప్పదు.

గ్రాఫ్ట్‌ను ఎయోర్టాకు కుట్టే పై అతుకులో వెనక గోడ దగ్గర ఎంత సమయం పట్టినా పట్టనీ. లోతుగా, పెద్ద బైట్ తీసుకో. సూదిని దాని వంపు వెంటే తిప్పు, పక్కకు లాగితే గోడ చీరుతుంది. ముందువైపు కారితే ఇంకో కుట్టుతో పోతుంది. వెనకవైపు కారితే నీకు చెమటలు పడతాయి.

క్లాంప్ తీసే ముందు పైకి చెప్పు. నా తొలి రోజుల్లో ఓసారి మనసులో అనుకుని తీసేశాను. మత్తు డాక్టరు అటు తిరిగి సిరంజిలో మందు నింపుతున్నారు. 140 ఉన్న బీపీ 60కి పడిపోయింది. రక్తం ఎక్కేదాకా గ్రాఫ్ట్‌ను వేళ్ల మధ్య నొక్కిపట్టి నిలబడ్డాను. రోగి బతికాడు, తప్పు నాదే. అప్పట్నుంచి "తీస్తున్నాను" అని గట్టిగా అని, అవతల "తియ్యండి" అనేదాకా కదిలేవాణ్ని కాదు. కాళ్లకు కూడా ఒకవైపు క్లాంప్ వదిలి, బీపీ నిలబడ్డాకే రెండోది.

శాక్‌ను కోసి పారెయ్యకు, గ్రాఫ్ట్ మీద దుప్పటిలా కప్పి కుట్టు. డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) నేరుగా గ్రాఫ్ట్‌కు రాసుకుంటే ఏళ్ల తర్వాత పేగులోకి రక్తం మొదలవుతుంది, దాన్ని బాగుచెయ్యడం అసలు ఆపరేషన్ కన్నా ఘోరం.

ప్లీహ ధమని గురించి అడిగావు, రెండు ముక్కలు. పొట్టలోని అవయవాలకు వెళ్లే నాళాల్లో ఎక్కువగా ఉబ్బేది అదే. బాధ లేకపోతే 3 సెంటీమీటర్ల దాకా కనిపెట్టుకుని ఉండొచ్చు. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లలో మాత్రం సైజు చూడకు, గర్భంతో ఉండగా పగిలితే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయమే. నాళాన్ని రెండు వైపులా కట్టేసినా జీర్ణాశయం నుంచి వచ్చే చిన్న నాళాలతో ప్లీహం చాలాసార్లు బతికేస్తుంది, తొందరపడి తీసెయ్యకు.

ఆపరేషన్ అయ్యాక గుడ్డలు తొలగించగానే రెండు పాదాల నాడి నువ్వే పట్టి చూడు, జూనియర్‌కు వదలకు. మర్నాడే విరేచనమైందని ఎవరైనా సంతోషంగా చెబితే నువ్వు సంతోషించకు, అందులో రక్తం ఉందేమో చూడు, పెద్దపేగుకు రక్తం చాలడం లేదేమో. రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి. గంటకు మూత్రం ఎంత వస్తోందో ముందు చెప్పు, తక్కినవి తర్వాత.

నీ పాత సార్