టేల్‌స్పిన్ డీవీడీ చప్పగా ఉందా? ముందు రిమోట్ చేతిలోకి తీసుకోండి

మీ ప్రశ్న ఇదీ: చిన్నప్పుడు దూరదర్శన్‌లో హిందీలో చూసిన టేల్‌స్పిన్ అమెరికా డీవీడీ సెట్ ఇప్పుడు చేతికొచ్చింది, పెద్ద టీవీలో పెడితే బొమ్మ మసగ్గా, అంచులు రంపంలా, కదలిక జారుడుగా ఉంది. జంగిల్ బుక్ పాత్రల్ని తీసుకుని అల్లిన ఇలాంటి అనుబంధ కార్టూన్లు అసలే అంతంతమాత్రమా, లేక మనం పెద్దవాళ్ళమైపోయామా?

రెండూ కాదు. పాత కార్టూన్ డీవీడీ చూసి పెదవి విరిచేవాళ్ళలో పదికి తొమ్మిది మంది ఆ కార్టూన్‌ని సరిగ్గా చూడనేలేదని నా గట్టి నమ్మకం. వాళ్ళు చూసింది టీవీ తన సొంత తెలివితో మళ్ళీ గీసిన బొమ్మని. ముందు దాని చేతులు కట్టేయండి, తీర్పు తర్వాత.

మొదట ఆకారం. డిస్క్‌లో ఉన్న చిత్రం 720×480 పిక్సెళ్ళు, దాన్ని 4:3 నిష్పత్తిలో చూపించాలి. టీవీ 16:9కి సాగదీస్తే ప్రతి వృత్తమూ మూడో వంతు అదనపు వెడల్పుతో కోడిగుడ్డు అవుతుంది. కథానాయకుడు భల్లూ అసలే భారీ ఎలుగుబంటి, ఇక చూడక్కర్లేదు. టీవీలో పిక్చర్ సైజ్ 4:3 పెట్టండి, ప్లేయర్‌లో కూడా టీవీ టైప్ సరిగ్గా ఉందో లేదో చూడండి. రెండిట్లో ఏ ఒక్కటి తప్పినా బొమ్మ చెడుతుంది. 'జూమ్' పెట్టి పైనా కిందా కోసేయడం ఇంకా అన్యాయం. మొత్తం ఎత్తులో పావు వంతు పోతుంది. ఎగిరే విమానాల కథలో ఆకాశాన్నే కోసేస్తే ఇక మిగిలేదేముంది? 4కే తెరమీద 4:3 బొమ్మ 2880 పిక్సెళ్ళ వెడల్పుంటుంది, అటూ ఇటూ 480 చొప్పున నలుపు మిగులుతుంది. ఆ నలుపుని భరించండి.

రెండోది, మోషన్ స్మూతింగ్. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది. 'మోషన్' అన్న మాటతో కనిపించే ప్రతి ఐచ్ఛికాన్నీ ఆపేయండి. ఎందుకో చెబుతాను. ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేములు. టీవీ కార్టూన్లలో చాలా భాగం ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెడతారు, అంటే సెకనుకు 12 బొమ్మలే. ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకి ఆ చురుకైన దూకుడే యానిమేటర్ లెక్క కట్టి పెట్టుకున్న లయ. టీవీ మధ్యలో లేని బొమ్మల్ని ఊహించి ఇరికిస్తే చెయ్యి రబ్బరులా సాగుతుంది, వేళ్ళ చుట్టూ నీడలు వణుకుతాయి. మీరు 'జారుడు' అన్నది దీన్నే.

షార్ప్‌నెస్ తగ్గించండి. కొన్ని టీవీల్లో సున్నా అంటే ఏమీ చేయకపోవడం, కొన్నిట్లో 50 దగ్గర ఆ తటస్థ స్థితి ఉంటుంది. తెలుసుకోవడం తేలిక: నల్లటి గీత పక్కన తెల్లటి అంచు మెరుస్తుంటే ఇంకా ఎక్కువ ఉన్నట్టే. అది మాయమయ్యేదాకా తగ్గించండి. నాయిస్ రిడక్షన్ పూర్తిగా ఆపండి. కలర్ టెంపరేచర్ 'వార్మ్' పెట్టండి, ఎకో మోడ్ తీసేయండి. ఇవన్నీ కలిపి 'సినిమా' లేదా 'ఫిల్మ్‌మేకర్' మోడ్‌లో చాలామటుకు వచ్చేస్తాయి గానీ దాన్నే నమ్ముకోకుండా ఒక్కొక్కటీ తెరిచి చూడండి.

ఇక అసలు విషయం, రంపపు అంచులు. అమెరికా డిస్క్ అక్కడి టీవీ ప్రమాణమైన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఉంటుంది. ఇందులో ఒక్కో వీడియో ఫ్రేము రెండు ఫీల్డులు, ఒక్కో ఫీల్డులో ఒకటి విడిచి ఒకటి చొప్పున సగం అడ్డగీతలుంటాయి. 24 ఫ్రేముల ఫిల్మ్‌ని సెకనుకు దాదాపు 60 ఫీల్డుల వీడియోలోకి సర్దడానికి ఒక ఫ్రేముని మూడు ఫీల్డులు, తర్వాతదాన్ని రెండు ఫీల్డులు చూపిస్తారు. అలా సర్దినప్పుడు ప్రతి ఐదు వీడియో ఫ్రేముల్లో రెండిట్లో రెండు వేర్వేరు ఫిల్మ్ ఫ్రేములు కలిసిపోయి అంచులు దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. దీన్ని సరిచేసే దారులు రెండు. ఒకటి, పళ్ళున్న చోటల్లా సగం గీతల్ని పడేసి మిగతా సగాన్ని ఊహతో నింపడం. అది డీఇంటర్లేసింగ్. రెండోది, ఏ ఫీల్డు ఏ ఫ్రేముకి చెందినదో కనిపెట్టి జతకట్టి అసలు 24 ఫ్రేముల్ని వెనక్కి రాబట్టడం. దీన్ని ఇన్‌వర్స్ టెలిసినీ అంటారు. కార్టూన్‌కి రెండోదే కావాలి. మొదటిదాన్ని వాడితే నిలువు దిశలో సగం వివరం పోతుంది. సన్నటి ఇంకు గీతలమీదే బతికే బొమ్మకి అది చావుదెబ్బ.

దీన్ని కళ్ళతో చూడాలంటే కంప్యూటర్‌లో డిస్క్ పెట్టి వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో తెరవండి. భల్లూతో ఉండే పిల్లాడు కిట్ తన పలక మీద నిలబడి, భల్లూ నడిపే సీ డక్ విమానం వెనక తాడు పట్టుకుని మేఘాల్లో సర్ఫింగ్ చేసే షాట్ ఏదైనా తీసుకోండి. డీఇంటర్లేస్ ఆపేసి, కీబోర్డు మీద 'E' అక్షరం నొక్కుతూ ఒక్కో ఫ్రేమే ముందుకి జరపండి. వెనక మేఘాలు నిరంతరం జరుగుతుంటాయి గనక ఐదింట మూడు శుభ్రంగా, రెండు పళ్ళతో వస్తాయి. కిట్ మాత్రం రెండేసి ఫ్రేములకి ఒక బొమ్మగా గీసినవాడైతే ఐదింట ఒక్కదాంట్లోనే చెదురుతాడు. ఒకే తెరమీద నేపథ్యానికి ఒక లెక్క, మనిషికి ఒక లెక్క. ఇప్పుడు ఆ తాడు చూడండి. ఏటవాలుగా సాగే సన్నటి గీత అది. మామూలు డీఇంటర్లేస్‌లో మెట్లు మెట్లుగా విరిగి మిణుకుమంటుంది. నాయిస్ రిడక్షన్ ఎక్కువైతే అక్కడక్కడా తెగిపోయి, పిల్లాడు గాల్లో ఏ ఆధారమూ లేకుండా వేలాడుతున్నట్టు ఉంటుంది. వీఎల్‌సీలో డీఇంటర్లేస్ మోడ్‌ని 'ఫిల్మ్ ఎన్‌టీఎస్‌సీ'కి మార్చి అదే షాట్ మళ్ళీ వేయండి. తాడు నిండుగా, ఒకే గీతగా నిలబడాలి.

ఐదింట రెండు అన్న లెక్క మీకు కనబడకపోతే దానికీ అర్థముంది. ఒక్క ఫ్రేములోనూ పళ్ళు లేకపోతే డిస్క్‌లోనే 24 ఫ్రేములుగా భద్రపరిచారన్నమాట, ఏమీ చేయక్కర్లేదు. పళ్ళకి బదులు రెండు బొమ్మలు దయ్యాల్లా ఒకదాని మీద ఒకటి మసకగా పరుచుకుని ఉంటే అది ఒక దేశపు వీడియో పద్ధతి నుంచి ఇంకో దానికి మార్చిన కాపీ. కలిసిపోయిన బొమ్మల్ని ఇంట్లో శుభ్రంగా విడదీయడం కుదరదు, వేరే కాపీ వెతుక్కోవడమే. రంగులు మారే అంచుల్లో చిన్న చుక్కలు పాకుతున్నట్టుంటే అది మాస్టర్ టేపులోనే ఉన్న లోపం. టీవీని తిట్టి లాభం లేదు.

దూరదర్శన్‌లో విన్న గొంతులకీ దీనికీ తేడా ఉందనిపిస్తే హిందీ డబ్బింగ్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. మన ప్రసారం పాల్ పద్ధతి, సెకనుకు 25 ఫ్రేములు. 24 ఫ్రేముల ఫిల్మ్‌ని నేరుగా 25కి నడిపిస్తే 4 శాతం వేగం పెరుగుతుంది, 22 నిమిషాల ఎపిసోడ్ 21 నిమిషాల 7 సెకన్లకే అయిపోతుంది, సంగీతం శ్రుతి కూడా అర్ధస్వరంలో దాదాపు ముప్పావు వంతు పైకి జరుగుతుంది. యూరప్ డిస్కులు కొన్నవాళ్ళు ముందు నిడివి చూసుకోండి. ఈ అమెరికా డిస్కుల్లో హిందీ ట్రాక్ లేదు, దానికోసం వెతకొద్దు. ఎంతోమంది పిల్లలకి భల్లూ అంటే ఆ హిందీ గొంతే. ఆ ట్రాక్‌ని కలిపి అమ్మాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

నలుపు సంగతి కూడా చూడండి. 0 నుంచి 255 దాకా ఉండే వెలుగు కొలతలో డీవీడీ వీడియో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. ప్లేయర్ ఒకలా, టీవీ ఇంకోలా అనుకుంటే నలుపు బూడిద రంగుకి తిరుగుతుంది, లేదా చీకటి భాగాలన్నీ ముద్దగా కలిసిపోతాయి. గాలి దొంగల భారీ వాహనం ఐరన్ వల్చర్ లోపలి సన్నివేశాల్లో ఇది తేలిగ్గా దొరుకుతుంది. నీడలో నిలబడ్డవాళ్ళ అంచు గీతలు నేపథ్యంలో కలిసిపోతే హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ మార్చి చూడండి.

ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది, కూర్చునే దూరం. పాత 21 అంగుళాల టీవీలో బొమ్మ ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. 55 అంగుళాల టీవీలో అదే బొమ్మ 68 సెంటీమీటర్లు. అప్పటి దూరానికి రెండింతలు వెనక్కి జరగండి. పాత టీవీలు అంచుల్లో కొంత భాగాన్ని ఫ్రేము వెనక దాచేసేవి కూడా. ఇప్పుడు అంతా కనిపిస్తుంది గనక పక్కన రంగు ఆగిపోయిన చోటు కంటపడొచ్చు. అది లోపం కాదు, చూపించాలని గీసిన భాగమే కాదది.

ఇన్ని చేశాక కూడా కొన్ని ఎపిసోడ్లు నీరసంగానే ఉంటాయి. ఎందుకంటే 65 ఎపిసోడ్లనీ ఒక్కచోట గీయలేదు. డిస్నీ వాళ్ళ జపాన్, ఫ్రాన్స్ స్టూడియోలతో పాటు సన్‌వూ, వాంగ్, జేడ్ లాంటి బయటి స్టూడియోలు పంచుకున్నాయి. ఒకదాంట్లో మొహాలు కరిగినట్టు మారుతుంటాయి, మరోదాంట్లో కట్టెల్లా ఉంటాయి. మొదట తగిలిన రెండు ఎపిసోడ్లు చూసి మొత్తం కొట్టేయకండి.

మొదలుపెట్టాల్సింది మాత్రం 'ప్లండర్ అండ్ లైట్నింగ్' నుంచే. 1990 సెప్టెంబరులో ముందు దీన్ని ఒకే పెద్ద కథగా ప్రసారం చేశారు, ఆ తర్వాత నాలుగు భాగాలుగా కోశారు. జంగిల్ బుక్ పాత్రలకి విమానాలెందుకు అని అడిగేవాళ్ళకి జవాబంతా ఇందులోనే ఉంది. 1967 సినిమాలో భల్లూకి బాధ్యత అన్నదే లేదు. ఇక్కడ ఆ బద్ధకానికి వెల కట్టారు: బ్యాంకు బాకీ తీర్చక విమానం చేజారుతుంది, రెబెక్కా కన్నింగ్‌హామ్ ఆ వ్యాపారాన్ని కొని అతనికే యజమానురాలవుతుంది. షేర్ ఖాన్ సూటు వేసుకున్న వ్యాపారి. టోనీ జే గొంతులో ఆ మర్యాదే భయపెడుతుంది. పాత్రని కాపీ కొట్టకుండా దాని స్వభావాన్ని వేరే లోకంలో పెట్టి పరీక్షించారు. అనుబంధ కార్టూన్ అంటే అలా ఉండాలి. ఈ సిరీస్ సృష్టికర్తలు జిమ్ మాగన్, మార్క్ జాస్లోవ్ ఈ పని ఎంత శ్రద్ధగా చేశారో, కిట్ గాలి దొంగల పక్షం చేరినట్టు నటించే భాగం చూస్తే తెలుస్తుంది. భల్లూ మొహంలో ఆ దెబ్బని మాటల్లేకుండా నిలబెట్టారు. భాగాల మధ్య ప్రతిసారీ టైటిల్ పాట అడ్డం వస్తే ఆ బరువు చెదిరిపోతుంది.

అందుకని మీ డిస్క్‌లోంచి నాలుగు భాగాల్నీ మేక్ఎంకేవీ అనే ప్రోగ్రామ్‌తో నాలుగు ఫైళ్ళుగా తీసుకోండి. ఆ ఫైళ్ళని కలిపే ఎంకేవీటూల్‌నిక్స్‌లో మొదటిదాన్ని 'యాడ్' చేసి, మిగతా మూడిటినీ 'అపెండ్' చేయండి. మిగతావి కూడా 'యాడ్' చేస్తే ఒకే ఫైల్‌లో నాలుగు వీడియో ట్రాకులు పక్కపక్కన చేరతాయి, ఒకదాని తర్వాత ఒకటి రావు. టైటిల్ పాటల్ని ముక్క కోయాలనుకుంటే గుర్తుంచుకోండి, ఈ సాధనం కీఫ్రేము (పూర్తి బొమ్మగా భద్రపరిచిన ఫ్రేము) దగ్గరే కోస్తుంది గనక అర సెకను అటూ ఇటూ అవుతుంది. నల్లటి తెర వచ్చిన చోట కోస్తే తెలియదు.

ఫైల్ చిన్నది కావాలంటే వీడియోని కుదించే హ్యాండ్‌బ్రేక్ వాడండి. ఫిల్టర్లలో డీటెలిసినీ (ఇన్‌వర్స్ టెలిసినీకి ఇక్కడి పేరు) 'డిఫాల్ట్', డీఇంటర్లేస్ 'ఆఫ్', ఫ్రేమ్‌రేట్ 'వేరియబుల్', నాణ్యత ఆర్‌ఎఫ్ 18, ట్యూన్ 'యానిమేషన్'. అంతా అయ్యాక ఫ్రేమ్‌రేట్ 23.976 (ఎన్‌టీఎస్‌సీలో 24 ఫ్రేములంటే ఇదే) దగ్గర చూపిస్తే సరిగ్గా కుదిరినట్టు. 29.97 అని వస్తే ఫీల్డులు జతపడలేదు, మళ్ళీ చేయాలి. ఏఐతో 4కేకి పెంచిన కాపీల జోలికి వెళ్ళకండి. అవి సన్నగీతల్ని ప్లాస్టిక్ తీగల్లా మార్చి, నేపథ్యంలోని నీటిరంగు కుంచె గుర్తుల్ని తుడిచేస్తాయి.

సెట్లు కొనేవాళ్ళకి ఒక మాట. మొదటి సెట్ 2006 ఆగస్టులో, రెండోది 2007 నవంబరులో వచ్చాయి, ఒక్కోదాంట్లో 27 ఎపిసోడ్లు. మొత్తం 65 గనక ఆ రెండూ కొన్నా 11 తక్కువ పడతాయి, అవి మూడో సెట్‌లో ఉన్నాయి. పెట్టె మీద 'కంప్లీట్' అని రాసి అమ్మేవాళ్ళని ఎపిసోడ్ల సంఖ్య అడగండి. డీవీడీలకి ప్రాంతాన్ని బట్టి రీజియన్ అంకె ఉంటుంది: ఈ డిస్కులు రీజియన్ 1వి, మన ప్లేయర్లు రీజియన్ 5వి గనక కొన్ని ప్లేయర్లలో ఆడవు. కంప్యూటర్ డ్రైవ్ రీజియన్‌ని ఐదుసార్లే మార్చనిస్తుంది, ఐదోసారి మార్చింది అలాగే స్థిరపడిపోతుంది. అందుకని తరచూ మార్చకుండా పాత డ్రైవ్ ఒకటి రీజియన్ 1కే కేటాయించండి. డిస్క్ తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడే సాగుతుంది, దాన్ని ప్లేయర్ సరిదిద్దుకోలేదు.